జరంచు కనబడాలంటే ఎన్ని బిట్లు?

నెగటివ్‌లు స్కాన్ చేయించడానికి వచ్చేవాళ్లంతా ముందు 'డీపీఐ ఎంత?' అని అడుగుతారు. 'బిట్లెన్ని?' అని అడిగేవాళ్లు అరుదు. ఫొటోను ఎంత పెద్దది చేసుకోవచ్చో చెప్పడం వరకే డీపీఐ పని. గోడంత పెద్దది చేసినా పెళ్లికూతురి ముఖం సున్నం కొట్టినట్టు ఉంటే ఏం లాభం? బుగ్గ మీద నీడ ఎక్కడ మొదలై వెలుగులో ఎలా కలిసిపోయిందో చూపించేవి రెండు: స్కానర్ చదివే బిట్లు, అది దాటి చూడగల నలుపు. ఈ రెంటినీ ఒకటే అనుకోవడం వల్ల డబ్బు పెట్టి కూడా సగం ఫొటోయే ఇంటికి తీసుకెళ్లేవాళ్లను రోజూ చూస్తుంటాను.

నా దుకాణం సూరత్‌లో, లింబాయత్‌లో. మా నాన్న సిరిసిల్ల దిక్కు నుంచి సాంచాల (మరమగ్గాల) పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలీల ఇళ్లలో చాలావాటి కథ ఇదే. ముందు గదిలో జిరాక్సు, లామినేషను, పాస్‌పోర్టు ఫొటోలు. వెనక గదిలో మూతలో లైటున్న ఫ్లాట్‌బెడ్ స్కానరు ఒకటి, సెకండ్‌హ్యాండ్‌లో కొన్న 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ స్కానరు ఒకటి. సాంచాల నూగు వీధిలోకీ వస్తుంది కాబట్టి ఆ గది తలుపు ఎప్పుడూ వేసే ఉంటుంది.

నెగటివ్‌లు తెచ్చేవాళ్లలో ఒక రకం, 2006 ఆగస్టు వరదలో ఆల్బమ్‌లు పోగొట్టుకున్నవాళ్లు. ఉకాయి డ్యాం నుంచి వదిలిన నీళ్లతో తాపీ నది ఊళ్లోకి వచ్చినప్పుడు అడాజణ్, రాందేర్ వైపు కింది అంతస్తులు మునిగిపోయాయి. ప్రింట్లు ప్లాస్టిక్ కవర్లకు అతుక్కుపోయి పనికిరాకుండా పోయాయి. అటక మీద బిస్కెట్ డబ్బాలో పడున్న నెగటివ్‌లు మాత్రం బతికాయి. రెండో రకం, అమ్మానాన్నలు పోయాక సొంతూరి ఇల్లు సర్ది, దొరికిన డబ్బాను నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో ఒళ్లో పెట్టుకుని తెచ్చినవాళ్లు. మూడో రకం రింగురోడ్డు బట్టల మార్కెట్‌వాళ్లు. పాత చీరల కేటలాగుల స్లైడ్లు వాళ్లవి.

నలుపుకూ ఒక కొలత

నెగటివ్‌ను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఒకచోట పల్చగా, ఒకచోట మసిబారినట్టు కనిపిస్తుంది. ఆ మసి ఎంత మందమో కొలిచే పద్ధతిని 1890లో ఇంగ్లండ్‌లో ఫెర్డినాండ్ హర్టర్, వీరో డ్రిఫీల్డ్ ప్రకటించారు. ఒకాయన రసాయన శాస్త్రవేత్త, ఇంకొకాయన ఇంజనీరు. ఫొటోలు తీయడం వాళ్లకు సరదా. వాళ్లు వాడిన కొలత పేరు డెన్సిటీ. ఫిల్మ్ మీద పడ్డ వెలుతురు మొత్తం అవతలికి వస్తే డెన్సిటీ సున్నా. పదో వంతు వస్తే 1, నూరో వంతు వస్తే 2, వెయ్యో వంతు వస్తే 3. సగం వస్తే 0.3. ఫొటోగ్రాఫర్లు 'ఒక స్టాప్' అనేది ఈ సగానికే.

ఒక ఫిల్మ్‌లో అతి పల్చని చోటుకూ అతి నల్లని చోటుకూ ఉన్న తేడాయే దాని డెన్సిటీ రేంజ్. మామూలు నెగటివ్‌లో ఇది 2కు అటూ ఇటూ ఉంటుంది. స్లైడులో 3 దాటుతుంది. నెగటివ్‌కు ఎందుకంత తక్కువంటే, అది ఎదుట ఉన్న దృశ్యాన్ని నొక్కి దాచుకుంటుంది. పందిట్లో నీడకూ బయట ఎండకూ పది స్టాపుల తేడా ఉందనుకోండి. డెన్సిటీలో అది 3 కావాలి. కాని నెగటివ్ దాన్ని దాదాపు 0.6 వంతుకు కుదించి 1.8లో ఇముడ్చుకుంటుంది. స్కాన్ చేశాక ఆ కుదింపును మళ్లీ సాగదీయాలి. బిట్ల అవసరమంతా ఆ సాగదీతలోనే తెలుస్తుంది.

ఒక బిట్‌తో మొదలు

1957లో అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో రస్సెల్ కిర్ష్ అనే ఇంజనీరు తన పసిబిడ్డ వాల్డెన్ ఫొటోను తిరిగే డ్రమ్ముకు అంటించి కంప్యూటర్లోకి ఎక్కించాడు. అడ్డంగా 176 చుక్కలు, నిలువుగా 176 చుక్కలు. ప్రతి చుక్క దగ్గరా ఆ యంత్రం తేల్చుకున్నది ఒక్కటే: నలుపా, తెలుపా? అది ఒక బిట్. పసివాడి బుగ్గ మీది మెత్తని నీడ అందులో పట్టదు. అందుకని నలుపు, తెలుపుల మధ్య హద్దును జరుపుతూ అదే ఫొటోను మళ్లీ మళ్లీ చదివి, అన్నిటినీ కలిపి మధ్య ఛాయలు రాబట్టారు. స్కానర్ పుట్టినప్పుడే బిట్లు చాలకపోవడమూ పుట్టింది.

బిట్ ఒకటి పెరిగినప్పుడల్లా ఛాయల అంచెలు రెట్టింపవుతాయి. 8 బిట్లకు 256 అంచెలు. 12కు 4,096. 14కు 16,384. 16కు 65,536. స్కానర్ పెట్టెల మీద 24, 48 అని రాసి ఉంటే కంగారుపడొద్దు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటినీ కలిపి చెప్పే లెక్క అది. 24 అంటే రంగుకు 8, 48 అంటే రంగుకు 16.

మూడు రంగులకూ 256 అంచెల చొప్పున కలిపితే కోటీ 67 లక్షల రంగులు. ఫోన్లో చూసుకోవడానికి, కాగితం మీద వేయించుకోవడానికి అవి చాలు. మరి 16 బిట్లు ఎందుకు? చూడటానికి కాదు, దిద్దడానికి. నెగటివ్‌ను తిప్పి పాజిటివ్ చేయాలి, నొక్కుకుపోయిన ఛాయల్ని సాగదీయాలి, వెలసిన రంగును సరిచేయాలి. 256 అంచెల్లో నెగటివ్ వాడుకున్నవి ఏ తొంభయ్యో అయితే, వాటిని సాగదీసి 256 చోట్లకు పరిచినప్పుడు మధ్యలో ఖాళీలు పడతాయి. ఆకాశం పట్టీలు పట్టీలుగా విడిపోతుంది. ముఖం మీద మచ్చల్లా గీతలు తేలతాయి. 16 బిట్లలో చదివిన ఫైల్‌లో ఎంత లాగినా మధ్యలో ఇంకా అంచెలు మిగిలే ఉంటాయి.

గీతలు వేరు, పొడవు వేరు

బట్టల ఊరివాణ్ని కాబట్టి కస్టమర్లకు గజంబద్ద చూపించి చెబుతాను. బద్ద మీద ఎన్ని గీతలున్నాయన్నది బిట్ల లెక్క. బద్ద ఎంత పొడవన్నది డెన్సిటీ రేంజ్. గీతలు ఎంత సన్నగా గీసినా బద్ద పొడుగు కాదు. మూడో సంగతి కొలిచే చెయ్యి. చెయ్యి వణుకుతుంటే మిల్లీమీటరు గీతలున్నా కొలత అంగుళం అటూ ఇటూ పోతుంది. స్కానర్‌లో ఆ వణుకు పేరు నాయిస్.

ఫిల్మ్ స్కానర్ల ప్రకటనల్లో 4.8 అనే డెన్సిటీ అంకె కనిపించేది. నికాన్ కూల్‌స్కాన్ 5000, 9000 మోడళ్లకు ఇచ్చింది అదే. 65,536కు లాగరిథమ్ కట్టి చూడండి, సరిగ్గా 4.8 వస్తుంది. 16,384కు 4.2. 4,096కు 3.6. అంటే 16 బిట్ల గీతలతో కాగితం మీద చేరగల గరిష్ఠం అది. చీకటిలో సెన్సర్ చూపే నాయిస్‌ను లెక్కలోకి తీసుకుంటే అసలు కొలత అంతకన్నా తగ్గుతుంది. కూల్‌స్కాన్‌లు మంచి యంత్రాలే. ఆ మోడళ్లను కంపెనీ ఆపేసి చాలా ఏళ్లయినా పాతవాటికి ఇంకా గిరాకీ ఉంది. అంకెను మాత్రం అంకెగానే చూడాలి.

నాయిస్‌ను తగ్గించే దారి ఒకటుంది. ఒకే ఫ్రేమును పదేపదే చదివి సగటు తీయడం. పదహారుసార్లు చదివితే నాయిస్ నాలుగో వంతుకు పడిపోతుంది. వ్యూస్కాన్, సిల్వర్‌ఫాస్ట్ లాంటి సాఫ్ట్‌వేర్లలో ఈ ఏర్పాటు ఉంది. టైమ్ పడుతుంది కాబట్టి హడావిడి దుకాణాల్లో దీని జోలికి పోరు. ఇంకో ఇంటి శత్రువు చెల్లాచెదురైన వెలుతురు. ఫ్లాట్‌బెడ్ అద్దం మీద ఫిల్మ్ పక్కన ఖాళీ వదిలేస్తే అటునుంచి వచ్చే కాంతి నల్లని భాగాల్లోకి పాకి రేంజ్‌ను తినేస్తుంది. దీనికి మందు రూపాయి ఖర్చు లేనిది: ఫిల్మ్ చుట్టూ నల్లకాగితం కత్తిరించి అడ్డం పెట్టడమే.

తెల్లని ధోతి నల్లని చోట

సాంచాల మీద రిటైరైన ఒక పెద్దాయన తన పెళ్లిఫొటో పట్టుకొచ్చాడు. 1970ల చివరినాటి నలుపు తెలుపు ప్రింటు, నెగటివ్ రెండూ ఉన్నాయి. ప్రింటులో ఆయన కట్టుకున్న ధోతి మడత కూడా కనబడనంత తెల్లగా ఉంది.

"గీ ధోతికి సన్న జరంచు ఉండె బిడ్డా. మా బాపు మగ్గం మీద నేసిండు. పటంల అంచే లేదాయె," అన్నాడు.

"ప్రింటుల లేదు తాతా. దీంట్ల ఉన్నదేమో చూద్దాం," అని నెగటివ్‌ను లైట్ మీద పెట్టాను.

నెగటివ్‌లో తెలుపు ఉండేది అతి నల్లని చోట. ఆ ధోతి భాగం డెన్సిటీ దాదాపు 2. నూటికి ఒక వంతు వెలుతురే అవతలికి వస్తుంది. స్కానర్ సెన్సర్ వెలుతురును ఉన్నదున్నట్టు లెక్కపెడుతుంది. దాని అంచెల్లో సగం అతి ప్రకాశమైన మొదటి స్టాప్‌కే ఖర్చయిపోతాయి. మిగిలిన దాంట్లో సగం రెండో స్టాప్‌కు, అందులో సగం మూడోదానికి. 8 బిట్లలో లెక్కేస్తే 128, 64, 32, 16 ఇలా కరుగుతూ, నూరో వంతు వెలుతురు దగ్గరికి వచ్చేసరికి రెండో మూడో అంచెలు మిగులుతాయి. ధోతి, మడతలు, అంచు, అన్నీ ఆ రెండుమూడింటిలోనే సర్దుకోవాలి. 14 బిట్లలో అదే చోటికి 160 పైచిలుకు అంచెలు ఉంటాయి.

నిజానికి ఈనాటి స్కానర్ ఏదీ లోపల 8 బిట్లలోనే చదవదు. ఎక్కువ చదివి, కంటికి తగ్గట్టు నీడల వైపు అంచెలు పెంచి, ఆ తర్వాత 8కి కుదించి ఇస్తుంది. అందువల్ల ఫలితం ఈ లెక్కంత ఘోరంగా ఉండదు. ఐతే ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో ఆ కుదింపు సమయంలో ఎవరు నిర్ణయించారు? ఆటోలో వదిలేస్తే యంత్రం నిర్ణయిస్తుంది. ధోతిలో అంచు ఉండేదని దానికి తెలియదు.

పెద్దాయన నెగటివ్‌ను 16 బిట్లలో, సగటు తీసే పద్ధతిలో చదివాను. ఆటో సర్దుబాట్లన్నీ ఆపేసి, ధోతి భాగం మీదనే ఛాయల్ని విడదీసుకుంటూ పోతే మోకాళ్ల దగ్గర అడ్డంగా ఒక గీత తేలింది, దాని పక్కనే ఇంకోటి. జరంచే. ఆయన వేలు స్క్రీన్ దాకా వచ్చి ఆగింది. "రెండు వరసలు. అవ్, గదే," అన్నాడు.

ఇక్కడ మంత్రమేం లేదు. నెగటివ్ పది స్టాపుల తేడాను పట్టుకోగలిగితే ఆనాటి ప్రింటు కాగితం సాధారణంగా ఆరేడు స్టాపులకు మించి చూపలేదు. స్టూడియోలో ప్రింటు వేసేవాళ్లు ముఖాలు బాగా రావాలని కాగితాన్ని ముఖాలకు సరిపెట్టారు. ధోతి ఆ పరిధి దాటి తెల్లబోయింది. వాళ్ల తప్పేం కాదు, పెళ్లిఫొటోలో ముఖాలే ముఖ్యం. కాని మన ఇళ్లలో చాలామంది ఆ ప్రింటునే ఫొటో అనుకుని, నెగటివ్‌ను దాని పాత కవరు అనుకుంటారు. తిరగేసి చెప్పాలి: ప్రింటు ఒకరి ఎంపిక, నెగటివ్ అసలు లెక్క.

ఫోన్ యాప్‌లతో పాత ఫొటోలను 'బాగుచేసే' వాళ్లకూ ఇదే చెబుతాను. ఆ యాప్ ధోతికి అంచు గీసి ఇవ్వగలదు, కాని అది ఎవరి ధోతి అంచో చెప్పలేం. 1957 నాటి 'మాయాబజార్'కు 2010లో రంగులు అద్దారు. అది కొత్తగా చేర్చిన పని, అలాగే చెప్పి చేశారు. స్కానింగ్ పని వేరు. ఉన్నదాన్ని ఉన్నంతవరకు చదవడమే.

నారింజ పొర కింద పసుపు

కలర్ నెగటివ్‌కు ఇంకో చిక్కుంది. దాని అడుగంతా నారింజరంగులో ఉంటుంది. రంగుల పొరల్లోని లోపాలను సరిదిద్దడానికి తయారీలోనే పెట్టిన ఏర్పాటు అది. ఆ నారింజ పొర నీలం కాంతిని బాగా మింగేస్తుంది. ఏమీ లేని ఖాళీచోటే నీలానికి 0.9 డెన్సిటీలా అడ్డుపడితే, ఎనిమిదో వంతు నీలమే సెన్సర్‌కు చేరుతుంది. 256 అంచెల్లో కింది 32 మాత్రమే నీలానికి మిగిలినట్టు.

దీని దెబ్బ మన ఫొటోలకే ఎక్కువ. పసుపు ఎంత గాఢమో చెప్పే సమాచారం నీలం చానెల్లోనే ఉంటుంది. మంగళస్నానం నాడు పెళ్లికూతురి ముఖానికి రాసిన పసుపు, తలంబ్రాల బియ్యం, గడపకు పూసిన పసుపు అన్నీ ఆ బక్కచిక్కిన చానెల్ మీదే ఆధారపడతాయి. 8 బిట్లలో కుదించిన స్కాన్‌ను తర్వాత సరిచేయబోతే ముఖం మీద పసుపు మట్టిరంగు ముద్దలా పేరుకుంటుంది. ఒక్కో రంగుకు వేరుగా ఎక్స్‌పోజర్ పెంచగల స్కానర్ ఉంటే నీలానికి ఎక్కువసేపు వెలుతురు ఇవ్వాలి. అది లేకపోతే 16 బిట్లే దిక్కు. ఈమధ్య మ్యాక్రో లెన్సుతో డిజిటల్ కెమెరాకే నెగటివ్‌ను ఫొటో తీసి మార్చేవాళ్లున్నారు. 14 బిట్ల రా ఫైల్ ఇచ్చే కెమెరా, అన్ని రంగులూ సమంగా ఉన్న లైట్ ప్యానెల్ దొరికితే నెగటివ్‌కు ఆ దారి చక్కగా సరిపోతుంది.

వెండి, రంగు, గాజు

నలుపు తెలుపు ఫిల్మ్‌లో మసి నిజంగా వెండి. ఊటీలోని హిందుస్తాన్ ఫొటో ఫిల్మ్స్ 'ఇందు' పేరుతో తయారుచేసిన ఫిల్మూ కాగితమూ ఒకప్పుడు దేశమంతా వాడారు. ధూళి, గీతలు తొలగించడానికి స్కానర్లలో ఇన్‌ఫ్రారెడ్ ఏర్పాటు ఉంటుంది. రంగుల పొరలు ఆ కిరణాన్ని వదిలేస్తాయి, దుమ్ము అడ్డుకుంటుంది, అలా తేడా పట్టేస్తుంది. వెండి కూడా అడ్డుకుంటుంది కాబట్టి నలుపు తెలుపు ఫిల్మ్‌లో ఇది వాడితే బొమ్మనే దుమ్మనుకుని చెరిపేస్తుంది. దాన్ని ఆపేసి, బ్లోయర్‌తో నూగు ఊది, చేత్తోనే శుభ్రం చేసుకోవాలి.

స్లైడు సంగతి తలకిందులు. అందులో నీడలే నల్లని చోట ఉంటాయి, డెన్సిటీ 3 దాటుతుంది. నల్లపట్టు చీర మీద నల్లని బుటాలున్న స్లైడును ఫ్లాట్‌బెడ్ మీద పెడితే బిట్లు ఎన్నున్నా నాయిసే వస్తుంది. ఇక్కడ కావాల్సింది బద్ద పొడవు. పాతరోజుల్లో అచ్చుపనికి స్లైడులను డ్రమ్ స్కానర్ మీదే చదివించడానికి కారణం అదే. దాని ఫొటోమల్టిప్లయర్ ట్యూబు చీకట్లోంచి కూడా సంకేతాన్ని పట్టగలదు.

గాజు నెగటివ్‌లు ఇంకా గట్టివి. హైదరాబాద్ నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ గాజు నెగటివ్‌లు 2,800కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. పందొమ్మిదో శతాబ్దంలో వాడిన ఆల్బ్యుమెన్ కాగితానికి బాగా తేడాలున్న నెగటివ్ కావాలి. అందుకని అప్పటివాళ్లు ఇప్పటి ఫిల్మ్ కన్నా ఎక్కువ డెన్సిటీ రేంజ్ ఉండేలా కడిగేవారు. మన తాతల 35 మిల్లీమీటర్ల ఫిల్మ్‌కు సరిపోయే స్కానర్ వాటికి చాలకపోవచ్చు.

సినిమావాళ్ల తెలివి

బిట్లు ఎక్కువైతే చాలదు, వాటిని ఎక్కడ పరిచామన్నదీ చూడాలి. 1990ల మొదట్లో కొడాక్ సినిమా ఫిల్మ్ స్కానింగ్ కోసం సినియాన్ అనే పద్ధతి తెచ్చింది. రంగుకు 10 బిట్లే, అంటే 1,024 అంచెలు. కాని వాటిని వెలుతురు మీద కాకుండా డెన్సిటీ మీద సమంగా పరిచారు, అంచెకు 0.002 చొప్పున. మొత్తం 2కు కొంచెం పైన. నెగటివ్ రేంజ్ అంతా అందులో పట్టేస్తుంది, ధోతి ఉన్న చోటుకూ నీడ ఉన్న చోటుకూ అంచెలు సమానం. సగం అంచెలను మొదటి స్టాప్‌కే పోగొట్టుకునే బాధ లేదు. పాత సినిమాలను బతికించే పనికి ఈ రకం లెక్క ఇప్పటికీ పునాది. 1980లో వచ్చిన కె. విశ్వనాథ్ 'శంకరాభరణం'ను డిజిటల్‌గా పునరుద్ధరించి 2022లో గోవా అంతర్జాతీయ చిత్రోత్సవంలో వేశారు. బాలు మహేంద్ర కెమెరా పట్టిన నీడలు తెర మీదికి మళ్లీ రావాలంటే నెగటివ్‌నో దాని దగ్గరి ప్రతినో ఓపికగా చదవాల్సిందే.

అడిగి చేయించుకోండి

స్కాన్‌కు ఇచ్చేటప్పుడు మూడు మాటలు అడగండి. చానెల్‌కు 16 బిట్ల టిఫ్ ఫైల్ ఇస్తారా? ఆటో కాంట్రాస్టు, ఆటో షార్ప్ ఆపి చదువుతారా? నెగటివ్‌లో అతి నల్లని చోటు వివరం పోకుండా చూస్తారా? జేపెగ్ 8 బిట్లదే కాబట్టి అది చుట్టాలకు పంచడానికి, టిఫ్ దాచుకోవడానికి. "వాట్సాప్‌ల పంపు భాయ్, సాల్తది" అనేవాళ్లకు నేను రెండూ పెన్‌డ్రైవ్‌లో వేసే ఇస్తాను.

ఖర్చు బరువూ చెప్పాలి. 35 మిల్లీమీటర్ల ఫ్రేము 4000 డీపీఐలో దాదాపు 2 కోట్ల 14 లక్షల చుక్కలు. 8 బిట్లలో 64 ఎంబీ, 16 బిట్లలో 128 ఎంబీ. ముప్పయ్యారు ఫ్రేముల రోలు నాలుగున్నర జీబీ దాటుతుంది. ఈరోజు హార్డ్‌డిస్కుల ధరల్లో అది భయపడాల్సిన లెక్క కాదు.

వరదలో తడిసి ఒకదానికొకటి అతుక్కున్న నెగటివ్‌లు ఉంటే గోళ్లతో లాగొద్దు. శుభ్రమైన నీళ్లలో నానబెట్టి, జిలేటిన్ మెత్తబడ్డాక వాటంతటవే విడిపోనిచ్చి నీడలో ఆరబెట్టండి. పులిసిన వాసన వస్తుంటే అసిటేట్ ఫిల్మ్ చెడిపోవడం మొదలైనట్టు. వాటిని ముందు స్కాన్ చేయించండి. సముద్రపు గాలి తగిలే సూరత్‌లో రేకుల కప్పు కింద అటక ఫిల్మ్‌కు మంచి చోటు కాదు. కాగితపు కవర్లలో వేసి, సిలికా జెల్ పొట్లంతో చల్లని అల్మరాలో పెట్టండి. స్కాన్ అయిపోయింది కదా అని పారేయొద్దు, రేపు ఇంతకన్నా బాగా చదివే యంత్రం రావచ్చు.

డబ్బు తక్కువైతే అన్నిటికీ 16 బిట్లు అక్కర్లేదు. కొన్ని ఫ్రేములు ఎంచుకుని వాటిని పూర్తి లోతుతో చేయించండి, మిగతావి మామూలుగా సరే. ఎంచుకునేటప్పుడు మాత్రం ఆల్బమ్ చూసి ఎంచకండి. నెగటివ్‌ను లైట్ మీద పెట్టి, మసి మందంగా ఉన్నచోట ఇంకా గీతలూ మడతలూ కనిపిస్తున్న ఫ్రేములు వెతకండి. ప్రింటు చూపించకుండా దాచిన ఫొటోలు అవే.